సరమ మొఱ: ఆదిపర్వమున జంతుహింసా దండవిచారము

ఆంధ్రమహాభారతమునఁ గథ యారంభమైన కొలఁదిసేపటికే యొక కుక్కపిల్ల దెబ్బలు తినును. జనమేజయుఁడు దీర్ఘసత్రము సేయుచుండఁగా సరమ యను దేవశుని కొడుకు సారమేయుఁడు ఆ యజ్ఞప్రదేశమున నాడుకొనుచుఁ దిరుగును. రాజు తమ్ములైన శ్రుతసేన భీమసేనోగ్రసేనులు కోపించి దానిని గొట్టుదురు. అది యఱచుచుఁ దల్లికడకుఁ బోవును. తల్లి రాజుకడకు వచ్చి మొఱపెట్టి, రానున్న కీడును జెప్పి పోవును. రాజు భయపడి, ఆ కీడును శమింపఁజేయఁగల పురోహితునికై వెదకి, శ్రుతశ్రవసుని కుమారుఁడగు సోమశ్రవసుని సంపాదించును. సరమ మఱల కథలోఁ గనఁబడదు. అందుచేతఁ బాఠకులు సాధారణముగా దీనిని సోమశ్రవసుని రాకకుఁ గల్పించిన సాకుగా నెంచి, ఉదంకోపాఖ్యానమునకు సాగిపోవుదురు.

ఆ పఠనము చాలదు. ఆదిపర్వముననే ఇట్టి కథలు మఱి మూఁడు కలవు: రురునకు డుండుభము చేసిన బోధ, మాండవ్యుఁడు ధర్మునితోఁ జేసిన వాదము, పాండురాజును గిందముఁడు నిలఁదీసిన ఘట్టము. నాలుగింటను జంతువు పడిన బాధ కలదు. ఆ బాధకుఁ గారకుఁడైన మనుష్యుఁడు కలఁడు. అతఁడు సమాధానము చెప్పవలెనా, చెప్పవలసినచో నెవరికి, ఎంతటి దండమునకుఁ బాత్రుఁడు అను ప్రశ్న కలదు. నాలుగింటిని విడివిడిగాఁ జదివిన నీతికథలుగాఁ దోఁచును. కలిపి చదివినచో నవి యొక వ్యవహారాధ్యాయమునకుఁ బూర్వపీఠికవలె నున్నవి. కావ్యమును శాసనముగాఁ జదువుట తగదు. అయినను శాసనము సమాధానము చెప్పఁదగిన ప్రశ్నలు కొన్ని కావ్యమున స్పష్టముగా నుండుట కలదు. ఆ ప్రశ్నలకు భారతదేశమున 1960లో నేర్పడిన జంతుహింసానివారణ చట్టమును, తరువాతి శిక్షాస్మృతియు నెంతవఱకు సమాధానము చెప్పుచున్నవో పరిశీలించుట నిష్ప్రయోజనము గాదు.

మొదట సరమ కథ. సంస్కృతమూలమునఁ దల్లికిని గొడుకునకును నడుమ జరిగిన సంభాషణము కొంత విపులముగా నున్నది. తల్లి తొందరపడదు. నీవేదో తప్పు చేసియుందువని మొదటఁ గొడుకునే శంకించును. తాను హవిస్సులను జూడలేదనియు, నాకలేదనియు, ఏ యపరాధమును జేయలేదనియు నది చెప్పిన పిమ్మటనే సభకుఁ బోవును. అక్కడ నామె యడిగినది ఒక్కటే: నిరపరాధి యగు నా కొడుకు నేల కొట్టిరి? దానికి వా రేమియుఁ బలుకలేదని మూలము చెప్పుచున్నది. ఆ మౌనము తరువాతనే శాపము. అనఁగా నచటి క్రమము విచారణ, అభియోగము, సమాధానరాహిత్యము, దండము. ఇది వ్యవహారశాస్త్రక్రమమే. ఆ క్రమము ననుసరించినది మనుష్యసభ కాదు, కుక్క.

నన్నయ ఈ ఘట్టమును సంక్షేపించుచు మూఁడు మార్పులు చేసెను. తల్లికొడుకుల ప్రశ్నోత్తరములను దగ్గించెను. పిల్ల ఆటలాడుకొనుచు వచ్చినదని చెప్పుటచేతనే దాని నిరపరాధత్వమును స్థాపించెను. సరమ మొఱను సభకుఁ గాక నేరుగా రాజునకే వినిపించెను. మూలమున శాపము జనమేజయుని మీఁదనే నిలుచును. నీ విట్లు చేసితివి కావున నీకుఁ గనరాని భయము వచ్చునని దాని భావము. నన్నయ సరమ యొక సామాన్యధర్మమును బలుకును. తగునో తగదో యని తలపక సాధువులకును, ఏమియుఁ జేయలేని బీదలకును గీడు చేయు నవినీతు లందఱకును నిర్నిమిత్తముగ భయములు గలుగునని యామె మాట. ఈ పద్యము తెలుఁగునాఁట నందఱ నోళ్లలో నున్నదే. కాని దానిని నీతిపద్యముగా విడఁదీసి చదువుటచేత నది కుక్క నోటి మాట యను సంగతి మఱుఁగుపడిపోయినది. బీదలనఁగా నెవరను ప్రశ్నకు నన్నయ యిచ్చిన మొదటి యుదాహరణము దెబ్బతిన్న కుక్కపిల్ల. మనుష్యులలోని దుర్బలులను, జంతువులను ఒకే మాటతో నతఁడు చుట్టుకొనెను. ఇది భాషాంతరీకరణమున దొరలిన యౌదార్యము గాదు. తెలిసి చేసిన విస్తరణము.

మొఱను రాజునకు వినిపించుటలోను విశేషము కలదు. కొట్టినవారు తమ్ములు, అడుగఁబడినవాఁడు అన్న. వారి చేఁతకు నతఁడు బాధ్యుఁ డగుట యెట్లు? వారు తన యజ్ఞమున, తన యధికారచ్ఛాయలో నుండి చేసిరి కనుక. కొట్టిన చేయి యొక్కటే గాక, ఆ చేయి నదుపులో నుంచవలసినవాఁడును సమాధానము చెప్పవలె నను న్యాయ మిందుఁ గలదు. 1960 చట్టము పదునొకండవ సెక్షను రెండవ యుపనియమము సరిగా నీ న్యాయమునే యంగీకరించినది: యజమాని తగిన జాగ్రత్తయు పర్యవేక్షణయుఁ జూపనిచో, హింస నతఁడే చేసినట్లు భావింపవలెను. ఈ యంశమున సరమ మొఱను శాసనము విన్నదనవచ్చును.

కాని మొఱ వినువాఁ డెవఁడను చోట శాసనము తడఁబడుచున్నది. సరమకు మాట గలదు. లోకమందలి కుక్కకు లేదు. దాని పక్షమున నెవఁడో యొక మనుష్యుఁడు పోలీసు ఠాణా మెట్లెక్కవలెను. ఆ చట్టమున ముప్పదియొకటవ సెక్షను ప్రకారము పోలీసువారు తమంతఁ దాము కేసు పెట్టి విచారింపఁదగిన నేరములు కొన్ని మాత్రమే: క్రూరరీతిని అంగచ్ఛేదము చేయుట లేదా చంపుట, జంతువుల పోరాటములకుఁ దావిచ్చి నడుపుట, బంధములనుండి విడిచిన జంతువులను గుఱిగాఁ జేసి కాల్చు పందెములు, పాడియావులకు హానికరమగు సూదిమందు లిచ్చుట మున్నగునవి. కొట్టుట, తన్నుట, మితిమీఱిన బరువు మోయించుట, ఆఁకలితో మాఁడ్చుట, ఇఱుకు బోనులోఁ బెట్టుట, విడిచిపెట్టి పోవుట మొదలగువానికి మేజిస్ట్రేటు ననుమతి లేనిదే పోలీసువారు దర్యాప్తు చేయఁజాలరు. వీథులలో ననుదినము కనఁబడు హింస యంతయు నీ రెండవజాతిలోనిదే. పైఁగా ముప్పదియాఱవ సెక్షను నేరము జరిగిన మూఁడునెలల పిమ్మట నభియోగమును దేఁగూడదని గడువు పెట్టినది. సారమేయుని కొట్టిన దెబ్బ యీ లెక్కను రెండవజాతిలోఁ బడును. సరమ నేఁడు వచ్చినచో ద్వారముకడ నుండియే, మేజిస్ట్రేటు నుత్తరువు దెమ్మని త్రిప్పి పంపఁబడును. మూలమందలి సభ మౌనముగా నుండెను. ఇచటి సభ తలుపు తెఱవదు. ఫలమున భేదము స్వల్పము.

రెండవ ప్రశ్న హింస యనఁగా నేమి యనునది. దీనికిఁ గిందముని కథ యాధారము. పాండురాజు వేఁటలో మృగమిథునమును గొట్టును. మృగరూపమున నున్న కిందముఁడు నేలఁబడి మనుష్యవాక్కుతో రాజును నిందించును. రాజు వెంటనే న్యాయవాదమునకు దిగును. మృగములను జంపుట రాజులకు విహితము. ఎదురుపడియు, మాటుననుండియుఁ జంపవచ్చును. మహర్షియైన యగస్త్యుఁడే సత్రమున మృగములను బ్రోక్షించెను. కావునఁ దన తప్పేమి? కిందముని ప్రత్యుత్తరము మిక్కిలి నిశితము. మృగమును జంపితివని నేను నిన్ను నిందించుట లేదు. నేను మిథునధర్మమున నుండఁగాఁ దాళలేకపోతివని నిందించుచున్నాను. క్రూరకర్ములు సైతము వర్జించు పనిని ధర్మ మెఱిఁగిన రాజవు నీవు చేసితివి. సంస్కృతమున నీ వాదమునకు నాయువుపట్టు ‘ఆనృశంస్యము’ అను పదము. దానికి నహింస యని యర్థము చెప్పుట పొరపాటు. చంపుట కనుమతి యున్నచోటను జూపవలసిన నిగ్రహము దాని యర్థము.

ఈ భేదము లేనిచో జంతుహింసా శాసనము నిలువఁజాలదు. మాంసభోజనము చేయువారు, ఎద్దులచే దున్నించువారు, గొఱ్ఱెలను గాచువారు, మందులను బరిశోధించువారు ఉన్న దేశమున చంపకుమనియో వాడకుమనియో చట్టము చెప్పలేదు. 1960 చట్టము అందుచేతనే ‘అనవసరమగు నొప్పి లేదా బాధ’ యను లక్షణమును గైకొనెను. ఆహారమునకై వధను, మతాచార విహితమగు వధను విడిచిపెట్టెను. ఆహారమునకై వధించునప్పుడును అనవసరబాధ కూడదని నియమించెను. దానికిఁ బూర్వము బ్రిటిషువారి 1890 చట్టముండెను. అది చాలదని రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలోఁ దెచ్చిన బిల్లు 1960 చట్టమునకుఁ బ్రేరకమయ్యెను. 1962లో నేర్పడిన జంతుసంక్షేమ మండలికి నామెయే మొదటి యధ్యక్షురాలు. హింసాప్రకారములను పదునొకండవ సెక్షను అక్షరక్రమమునఁ బదునైదుగా వర్గీకరించిన తీరు చూచినచో, లక్షణకల్పనలో నా చట్టము కిందముని వాదమునకు లోఁబడినదే యనవచ్చును. లోపము లక్షణమున లేదు.

అయినను సాహిత్య మెల్లప్పుడును సరమపక్షముననే యున్నదని చెప్పుట సత్యము గాదు. క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు నోరుగంటి వీథులలోఁ దిరుగుచుఁ గోడిపందెమును, పొట్టేళ్ల పోరును వేడుకతోఁ జూతురు. ఆ వర్ణన రమణీయమని సాహిత్యచరిత్రకారులు మెచ్చుకొనిరి. పల్నాటి వీరకథలో నాయకురాలికిని బ్రహ్మనాయనికిని జరిగిన కోడిపోరు రాజ్యములనే తారుమాఱు చేసినది, ఓడినవారు వలసపోయిరి. ఆ కథను విన్నవారు తరతరములుగ నోడినవారికై కన్నీరు గార్చిరి. కోడికై కార్చినవారి మాట కథలో లేదు. సంక్రాంతికి గోదావరీ కృష్ణా తీరములఁ గత్తులు గట్టి కోళ్లను బోరించుట నేఁడు చట్టవిరుద్ధమే. ఐనను ఏఁటేఁట బరులు వెలయుచున్నవి. సంప్రదాయ మను మాటకుఁ బందెపు సొమ్ము తోడగుచున్నది. ఈ సమర్థనకు సాహిత్యము కొంత ముడిసరకు నిచ్చెనని యొప్పుకొనవలెను. కాని క్రీడాభిరామము ఓరుగంటి నగరమున నున్న వేడుకలను జూపు కావ్యము. ఉండవలసినవానిని విధించు గ్రంథము గాదు. వర్ణనను విధిగాఁ జదువుట విమర్శకు మొదటి దోషము.

వేడుకకును బాధకును గల యీ వివాదమును సర్వోన్నతన్యాయస్థానము రెండు మాఱులు విచారించినది. 2014లో జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను నిషేధించుచు, నాఁకలిదప్పులు, భయము, అసౌకర్యము, నొప్పి, స్వభావవిరుద్ధజీవనము వీనినుండి జంతువులకు విముక్తి కావలెనని చెప్పెను. చట్టమందలి శిక్షలు చాలవనియుఁ, బార్లమెంటు సవరింపవలెననియు నాశించెను. 2023 మే నెలలో నైదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర రాజ్యములు తెచ్చిన సవరణలను సమర్థించెను. క్రీడలు నియమములతో జరుగవచ్చునని తీర్పు చెప్పెను. రెండు తీర్పులను జదివినవారికిఁ బాండురాజు వాదమును, కిందముని ప్రత్యుత్తరమును స్మృతికి రాకపోవు. ఆచారమున కనుమతి యున్నదా యనునది ఒక ప్రశ్న. ఆచరించు తీరున నిగ్రహ మున్నదా యనునది వేఱొక ప్రశ్న. మొదటిదానికి సమాధానము దొరకినంత మాత్రమున రెండవది తీఱదు.

మూఁడవ ప్రశ్న రురుని కథలోనిది. ప్రమద్వరను బాము గఱచుటచేత రురుఁడు సర్పజాతి నంతటిని బగఁబట్టి, కనఁబడిన పామునెల్లఁ గొట్టుచుఁ దిరుగును. ఒకనాఁ డొక డుండుభముపైఁ గఱ్ఱ యెత్తఁగా, నది విషము లేని తమజాతికిఁ బాములతోఁ బేరొక్కటే సామాన్యమనియు, నపరాధము సామాన్యము గాదనియుఁ జెప్పి వారించును. రురుని దుఃఖము కల్ల గాదు. ప్రమద్వర నిజముగాఁ గాటునకు గురియైనది. కావున డుండుభ మతని దుఃఖమును గాదనదు; అతఁడు దండించుచున్న తీరును మాత్రము కాదనును.

వీథికుక్కల విషయమున నేఁడు దేశమున జరుగుచున్న వివాదమున కింతకంటె దగ్గఱి కథ వేఱొండు లేదు. పిచ్చికుక్క కాటువలని వ్యాధి లక్షణములు కనఁబడిన పిమ్మట దాదాపు మరణమే. కాటులకుఁ బసివారు, బీదలు, రాత్రివేళఁ బనినుండి యిలు సేరువారు మిక్కిలి గురియగుచున్నారు. వారి భయమును బరిహసించు జంతుదయ దయ గాదు. 2025లో సర్వోన్నతన్యాయస్థానము ఢిల్లీ కుక్కలను వీథులనుండి తొలగింపుమని మొదట నాజ్ఞాపించి, కొలఁదిదినములకే యా యాజ్ఞను సవరించుటయు నీ సంకటమునే తెలుపుచున్నది. అయినను గ్రామమునకుఁ గ్రామమే విషాన్నము పెట్టి కఱచినదానిని, కఱవనిదానిని ఒక్కటిగాఁ జంపుట రురుఁ డెత్తిన కఱ్ఱయే. గర్భనిరోధ శస్త్రచికిత్సను, టీకాలను జేయింపవలసిన భారమును 2023 నియమములు స్థానికసంస్థలపై నుంచినవి. ఆ పని జరుగనిచోట మనుష్యులును గుక్కలును గూడ శిక్షింపఁబడుచున్నారు. జరిపింపవలసినవారు మాత్రము శిక్షింపఁబడుట లేదు. బాధ్యత యనునది కఱ్ఱ పట్టినవానితో మొదలై యతనితోనే ముగియునది గాదని సరమ రాజు నడిగిన ప్రశ్నయే తెలుపుచున్నది.

నాలుగవది దండపరిమాణము. దీనికి మాండవ్యోపాఖ్యానము. దొంగలు సొమ్మును దెచ్చి యాశ్రమమున దాఁచుటచేత మౌనవ్రతియైన మాండవ్యుఁడు రాజభటులచేఁ గొఱ్ఱు నెక్కింపఁబడును. తరువాత నతఁడు ధర్ముని కడకుఁ బోయి కారణ మడుగఁగా, బాల్యమునఁ దూనీఁగలను బుల్లతోఁ గ్రుచ్చి హింసించుటయే కారణమని ధర్ముఁడు చెప్పును. మాండవ్యుఁడు ఆ హింసను గాదనఁడు. పసితనమున నెఱుఁగక చేసిన యల్పాపరాధమునకు నింతటి దండమా యని యడుగును. ధర్ముఁడు శూద్రయోనియందుఁ బుట్టునట్లు శపించి, పదునాలుగేండ్లవఱకుఁ జేసినది పాపముగా నెంచఁబడదని మర్యాద కల్పించును. ఆ శాపమువలననే విదురుఁడు పుట్టెను.

ఈ కథను జంతుదయకుఁ బ్రతికూలముగాఁ జదువుట సాధ్యమే. తూనీఁగల బాధ యల్పమని ఋషియే పలికెనని యనవచ్చును. కాని కథ చెప్పున దది గాదు. తూనీఁగ నొప్పి ధర్ముని లెక్కలో నెన్నఁడును మఱవఁబడలేదు. దానికిఁ బద్దు వ్రాయఁబడియే యున్నది. తప్పు పద్దున లేదు, తూఁకమున నున్నది. నేరము చేసినవాని వయస్సును, ఎఱుకను, కలిగిన బాధను జూడక వేసిన దండము ధర్మదేవతనే ముద్దాయిగా నిలువఁబెట్టినది. సరమ కథలో దండించువాఁడు లేఁడు. మాండవ్యుని కథలో దండము మితిమీఱినది. ఈ రెండు ధ్రువముల నడుమ నున్న త్రోవయే శాసనము వెదకవలసినది.

ప్రాచీన ధర్మశాస్త్రములు ఆ త్రోవను గొంతవఱకు గుర్తించినవి. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున మనుష్యులను గాని పశువులను గాని బాధ కలుగునట్లు కొట్టినచో, బాధ యెంత పెద్దదో దండమంత పెద్దదిగ నుండవలెనని యున్నది. మనుష్యులును బశువులును నొకే వాక్యమున, ఒకే కొలతకు లోనైరి. యాజ్ఞవల్క్యుఁడు చిన్న పశువుల విషయమున నొప్పి, రక్తపాతము, కొమ్ము మొదలగువాని ఖండనము, అంగచ్ఛేదము అను క్రమమున రెండు పణములనుండి దండమును బెంచుచుఁ బోవును. చంపినచో మధ్యమదండముతోఁ బాటు వెలయు నిప్పించును. పెద్ద పశువుల విషయమునఁ దండమును రెట్టింపు చేయును. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుఁడు వ్రాసిన మితాక్షరనే పదుమూఁడవ శతాబ్దమునఁ గేతన తెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను. కౌటిల్యుఁ డొక యడుగు ముందునకు వేసి, పెద్ద పశువులను గొట్టినచో రెట్టింపు దండమే కాక, గాయము మాన్పుటకగు వ్యయమును గూడ నపరాధియే భరింపవలెననెను. ఈ గ్రంథములు మనుష్యుల నడుమ వర్ణమును బట్టి దండభేదమును గల్పించినవి. కావునఁ బూర్తిగ నాదర్శములు గావు. కాని దండము బాధ ననుసరించి పెరుగవలెననియుఁ, గొట్టినవాఁడే చికిత్స చేయింపవలెననియు నవి చెప్పిన రెండు సూత్రములు వర్ణభేదముతో సంబంధము లేనివి, నేఁటికిని స్వీకరింపఁదగినవి.

1960 చట్టమున నీ రెండు సూత్రములకును జోటు మిక్కిలి స్వల్పము. పదునొకండవ సెక్షను ప్రకారము మొదటి నేరమునకు జరిమానా పది రూపాయలకుఁ దక్కువ గాక, యేఁబది రూపాయలకు మించరాదు. మూఁడేండ్లలోపల మఱల చేసినచో నిరువదియైదునుండి నూఱు రూపాయలవఱకు జరిమానా, లేదా మూఁడునెలల వఱకుఁ గారాగారము, లేదా రెండును. ఎద్దునకుఁ గొంత బరువెక్కువ వేసినవానికిని, గుక్కను గట్టివేసి దినములతరబడి చిత్రవధ చేసినవానికిని, జంతువు బ్రతికియున్నంతవఱకు నీ పట్టికలో భేదము లేదు. అల్పాపరాధమునకు మహాదండమని మాండవ్యుఁడు మొఱపెట్టెను. ఇచట మహాపరాధమునకును నల్పదండమే. రెండును దూఁకము తప్పినవే. జరిమానా యొక పూఁట కాఫీ ఫలహారముల ఖరీదునకు సమమైనపుడు అది దండము గాదు, పన్ను. హింస చేయుట కది యనుమతిపత్రమువంటి దగును.

శిక్షాస్మృతి యీ కొఱఁతను బూరింపఁగలదందురు. 1860 స్మృతిలోని 428, 429 సెక్షనులు జంతువును జంపుట, విషము పెట్టుట, అవిటిదానిని జేయుట వీనికిఁ గారాగారము విధించినవి. కాని పది రూపాయల వెల గల జంతువునకు రెండేండ్లు, ఏఁబది రూపాయల వెల గలదానికైన, వెలతో నిమిత్తము లేక యేనుఁగు, గుఱ్ఱము, ఎద్దు, ఆవు మున్నగువాని కైన నైదేండ్లు అని వెలను బట్టి విభాగము చేసినవి. 2024 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను ఈ వెలల లెక్కను దీసివేసి, యే జంతువు విషయముననైన నైదేండ్లవఱకుఁ గారాగారమును విధించినది. ఇది గణనీయమగు నభివృద్ధి. కాని యా సెక్షను నేఁటికిని ఆస్తినష్టపు నేరముల నడుమనే యున్నది. నష్టము కలిగించుట యను నేరమునకుఁ బ్రజలకో, యొక వ్యక్తికో యన్యాయనష్టము కలుగవలెను. పోయినది యెద్దైనచో రైతునకు నష్టము. యజమాని లేని కుక్కయైనచో నష్టపడిన దెవరు? నష్టపడినది కుక్కయే యని చెప్పుటకు శాసనభాషలో మాట లేదు. చావక, యవిటిది గాక, నొప్పి మాత్రము పొందిన జంతువునకు నీ సెక్షను వర్తింపదు కూడ. మఱియొక కొఱఁత: జంతువులపై లైంగికహింసను బూర్వము 377వ సెక్షను శిక్షించుచుండెను, నూతనసంహితలో దానికి సరియగు నియమము లేదు.

సరమ కథతోఁ బోల్చినచో నీ లోపము స్పష్టమగును. రాజు తమ్ములు కొట్టినది తన యాస్తినని సరమ వాదింపలేదు. ఏ తప్పును జేయని ప్రాణికి నొప్పి కలిగించితిరని వాదించినది. ఆ వాదమును బట్టి నేరము స్వభావముచేత బాధాకరణము, నష్టకరణము గాదు. నేరమునకు మూలమేదో శాసనము మొదట నిర్ణయించుకొన్నచో, దండపరిమాణము తనంతఁ దానే దారిలోఁ బడును. 2022 నవంబరులో బ్రజాభిప్రాయమునకై కేంద్రప్రభుత్వము వెలువరించిన సవరణ ముసాయిదా ఘోరక్రౌర్యమును బ్రత్యేకనేరముగా నేర్పఱచి, దానికి హెచ్చు జరిమానాను, గారాగారమును బ్రతిపాదించెను. బాధ ననుసరించి దండమును బెంచు స్మృతిసూత్ర మిందు మఱలఁ గనఁబడుచున్నది. 1960లో మొదలైన యేఁబది రూపాయల మేర 2022 నాఁటికిని మాఱకయుండుట మాత్రము శాసనకర్తల స్మృతికిఁ గీర్తి తెచ్చునది గాదు.

కఠినశిక్షలకు నెదురుగ నొక బలమైన యాక్షేపణ కలదు. బండి తోలువాఁడు, గుఱ్ఱపుజట్కావాఁడు, కబేళాకుఁ బశువులను దరలించు లారీలోని కూలివాఁడు, వీరే మొదటఁ బట్టువడుదురు. పశువునకు మేఁత కొఱఁతపడిన యింటఁ బిల్లలకును గూడు కొఱఁతయే. వీరిపై వేలకొలఁది జరిమానాలు విధించి, సొమ్ము సంపాదించు వర్తకుని, పందెపు బరిని నడుపు పెద్దమనుష్యుని విడిచిపెట్టినచో నది సరమ శపించిన దోషమే, బీదలకుఁ గీడే. ఈ యాక్షేపణము త్రోసివేయఁదగినది గాదు. కాని దీనికి సమాధానము శిక్షను నేఁబది రూపాయలకడ నుంచుట గాదు. మనుస్మృతియే బండి ప్రమాదముల ప్రకరణమున, సారథి నేర్పులేనివాఁడైనచో దండము యజమానిదనియు, నేర్పరియైనచో సారథిదే యనియు భేదము చూపినది. ఎవని నిర్ణయమువలన, ఎవని లాభమునకై బాధ కలిగెనో వానికి మొదట దండము పడవలెను. దారిద్ర్యమువలన జరిగిన యుపేక్షకుఁ బశువైద్యసహాయమును, హెచ్చరికయు ముందు రావలెను. బుద్ధిపూర్వకక్రౌర్యమునకుఁ గారాగారము రావలెను. మాండవ్యునికి ధర్ముఁ డంగీకరించిన మర్యాద యిదే: ఎఱుకను జూచి తూఁచుము.

ఈ నాలుగు కథలనుండి తేలు నిష్కర్షలు సంక్షిప్తముగ నివి. దెబ్బలు, ఆఁకలి, బంధనము మొదలగు నిత్యహింసలను గూడఁ బోలీసువారు స్వయముగ విచారింపఁదగిన నేరములుగ మార్చవలెను. మూఁడునెలల గడువును బొడిగింపవలెను. ఇది సరమ కోరినది. అనవసరబాధ యను లక్షణమును నిలుపుకొని, యనుమతింపఁబడిన పనులలోను నిగ్రహమును నియమముగఁ జేయవలెను. ఇది కిందముఁడు కోరినది. జాతినంతటిని దండింపక, నివారణభారము వహింపవలసిన సంస్థలను బాధ్యులను జేయవలెను. ఇది డుండుభము కోరినది. దండమును బాధకును, నెఱుకకును, లాభమునకును దగినట్లు మెట్లుగా నేర్పఱచి, చికిత్సావ్యయమును నపరాధిపై నుంచవలెను. ఇది మాండవ్యుఁడును, గౌటిల్యుఁడును గోరినది. వీనిలో రెండవదానిని శాసనము చాలవఱకు నెఱవేర్చినది. తక్కిన మూఁడును గొఱఁతగానే యున్నవి.

భారతకథ సర్పసత్రమున వైశంపాయనుఁడు చెప్పినది. దానిని జేసినవాఁడు జనమేజయుఁడే. సరమ మొఱ విన్న రాజే. తండ్రిని గఱచిన తక్షకుని పగకై సర్పజాతి నంతటిని నగ్నిలో వ్రేల్చఁబూనిన యతనిని ఆస్తీకుఁడు వచ్చి మాన్పించెను. కుక్కపిల్ల కొక్క దెబ్బ తగిలిన నాఁ డెవరును మాఱుపలుకని యజ్ఞశాల, వేలకొలఁది పాములు మంటలోఁ బడునంతవఱకుఁ బెరిగినది. చిన్నహింసకు సమాధానము చెప్పనిచోటనే పెద్దహింస ధర్మకార్యముగ వెలయు నని యీ క్రమము తెలుపుచున్నది. జనమేజయుఁడు సరమ మొఱకుఁ బురోహితుని సంపాదించుకొనెను. ఆమె యడిగినది పురోహితుని గాదు, సమాధానమును. ఆ సమాధానము చెప్పవలసిన భారము నేఁడు శాసనసభలది.